ఆదివారపు అలకు బేరం

గచ్చిబౌలిలో మా ఆఫీసు కిటికీలోంచి చూస్తే కనిపించే నీళ్ళు రెండే. పక్క టవర్ మీది ఈతకొలను, వాన పడిన రోజు ఫ్లైఓవర్ కింద నిలిచే మడుగు. ఆ కిటికీ పక్కన కూర్చుని నేను విశాఖపట్నం సముద్రం మీద తీర్పులు చెప్పేదాన్ని. వచ్చే ఆదివారం రుషికొండ దగ్గర అల ఎంత లేస్తుంది, గాలి ఎటునుంచి వీస్తుంది, సర్ఫింగ్‌కి బయల్దేరొచ్చా, లేక గోపన్‌పల్లి ఫ్లాట్‌లో ముసుగుతన్ని పడుకోవడమే నయమా. ఆఫీసులో సర్ఫింగ్ పిచ్చి పట్టినవాళ్ళం ఐదుగురం ఉండేవాళ్ళం. నెలకోసారి వెళ్ళేవాళ్ళం. వెళ్ళేదీ లేనిదీ బుధవారానికల్లా తేలాలి. ఆ తర్వాత విమానం టిక్కెట్లు మాకు అందనంత ఎత్తుకు పోతాయి.

తీర్పు చెప్పే పని నాకెవరూ ఇవ్వలేదు, నేనే లాక్కున్నాను. బేగంబజార్ వెనక గల్లీలో స్టీలు గిన్నెల దుకాణంలో పెరిగినదాన్ని. మొదట చెప్పిన ధర నిజం కాదన్న సంగతి నాకు అక్షరాల కంటే ముందే వచ్చింది. ఫోన్లో అలల యాప్ ఐదడుగులు అని చూపిస్తే మూడో వంతు కోసేసి చెప్పేదాన్ని. వెళ్ళి చూస్తే ఇంచుమించు అంతే ఉండేది. నా తెలివేం కాదది. యాప్ చెప్పేది నడిసముద్రంలో ఎత్తు. ఒడ్డు దాకా వచ్చేసరికి అందులో కొంత అరిగిపోతుంది. ఆ కారణం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అప్పట్లో మాత్రం సముద్రం కూడా మా గల్లీ వాళ్ళలాగే కాస్త పెంచి చెబుతుందనీ, దాని కిటుకు నేనొక్కదాన్నే కనిపెట్టాననీ గట్టి నమ్మకం.

ఎత్తు ఒక్కటే ఉంటే చాలదు, గాలి కలిసిరావాలి. నేల మీంచి సముద్రం వైపు వీచే పడమటి గాలి అయితే అల ముఖాన్ని నున్నగా దువ్వి కాసేపు నిలబెడుతుంది. సముద్రం మీంచి ఒడ్డుకు వీచే గాలి అయితే అలను వెనకనుంచి తోసి, విరక్కొట్టి, నురుగు చేసి పారేస్తుంది. రుషికొండలో మంచి గాలి పొద్దునపూట కొంతసేపే. ఎండెక్కాక తిరగబడుతుంది. ఒక్కో రోజు తెల్లవారేసరికే తిరగబడి ఉంటుంది. కాబట్టి మా తీర్పంతా ఒక ప్రశ్న మీద నడిచేది. గాలి ఎప్పుడు తిరుగుతుంది?

ఈ ప్రశ్న మీద నాతో పేచీ పెట్టుకోవడానికే పుట్టినట్టు మా ఐదుగురిలో ఒకాయన ఉండేవాడు. పక్క టీములో టెస్టింగ్ లీడ్. పుట్టి పెరిగింది విశాఖలో, బీచి రోడ్డుకు కూతవేటు దూరంలో. అలను అల అనడు, కెరటం అంటాడు. ప్రతి మాటకూ 'అండి' తగిలిస్తాడు. అది మర్యాద అనుకుంటే పొరపాటు. గిన్నె మీద దెబ్బ గుర్తు పడకుండా కొట్టడానికి మా దుకాణంలో ఒక చెక్క సుత్తి ఉండేది, ఇది అలాంటిది.

"మేడమ్ గారూ, మీది బేగంబజారు కదండీ. అక్కడ సముద్రం ఏ షాపులో అమ్ముతారండీ?" అన్నాడు పరిచయమైన వారంలోనే.

"నేను దవాఖాన పక్కన పుట్టిన సార్. రేపు మీ కడుపు నొస్తే ఆపరేషన్ నేనే చేస్త, పండుకుంటరా?" అన్నాను.

మిగతా ముగ్గురూ నవ్వారు. ఆయన నవ్వలేదు. అప్పటినుంచీ మా ఇద్దరిదీ బాహాటమైన శత్రుత్వం. ఆయన కాఫీ మెషీన్ దగ్గర ఉంటే నేను మెట్లు దిగి కింది అంతస్తు కాఫీ తాగేదాన్ని, అది ఇంకా పాడుగా ఉన్నా సరే. సముద్రం లేని ఊళ్ళో కూర్చుని సముద్రం సంగతి చెప్పడమేంటని ఆయన ఎగతాళి చేసినప్పుడల్లా, దేశం మొత్తానికీ సముద్రం సంగతి చెప్పే సర్కారు ఆఫీసు ఈ హైదరాబాద్‌లోనే ఉందని గుర్తుచేసేదాన్ని. "వాళ్ళు సైంటిస్టులండీ, మీరు స్టీలు సామాన్లండీ" అనేవాడు.

మా ఆఫీసుల్లో ఒక అలవాటు ఉంది. ఒక పనికి ఎంత శ్రమ పడుతుందో తేల్చడానికి టీములో అందరూ ఒకేసారి వేళ్ళు చూపిస్తారు. అందరికంటే ఎక్కువ చూపినవారూ, తక్కువ చూపినవారూ తమ కారణాలు చెప్పుకుంటారు. మళ్ళీ వేళ్ళు చూపిస్తారు. చివరికి మధ్యలో ఎక్కడో ఒక అంకె దగ్గర అందరూ చల్లబడతారు. అదే నిజమని రాసుకుని పనిలో దిగుతారు. ఆ పద్ధతిని మేము అలలకు తెచ్చి పెట్టాం. బుధవారం మధ్యాహ్నం క్యాంటీన్లో మూల బల్ల దగ్గర, మాలో చిన్నదైన కర్నూలు అమ్మాయి "ఒకటి, రెండు, మూడు" అనేది, అందరం చేతులెత్తేవాళ్ళం. ఒక్కో వేలు ఒక్కో అడుగు. సముద్రం ఎత్తును చేతులెత్తి ఖాయం చేసే మనుషులు ఇంకెక్కడైనా ఉన్నారో లేరో నాకు తెలియదు.

ఈ ఆటలో నాకు పుట్టుకతో వచ్చిన సౌకర్యం ఉంది. చివరికి మధ్యలోనే తెగుతుందని తెలిసినప్పుడు మనసులో ఉన్న అంకెను అలాగే పైకి చెప్పడం అమాయకత్వం. నాకు మూడు అనిపిస్తే నాలుగు వేళ్ళు ఎత్తేదాన్ని. కొన్నాళ్ళకు విశాఖ ఆయన అది పసిగట్టాడు. తనకు మూడు అనిపిస్తే రెండు ఎత్తడం మొదలుపెట్టాడు. నేను ఇంకో వేలు పెంచాను, ఆయన ఇంకో వేలు ముడిచాడు. ఇద్దరం అబద్ధాలు చెప్పి మధ్యలో కలిసేవాళ్ళం. విచిత్రమేమిటంటే అలా తేలిన అంకె చాలాసార్లు సరిపోయేది. దాంతో మా ఇద్దరికీ మా మీద గౌరవం పెరిగింది, ఒకరి మీద ఒకరికి కాదు.

ఇలా సాగుతుండగా నాకు గెలుపు కంటే పెద్ద అవసరం ఒకటి వచ్చిపడింది. మా నాయినను రుషికొండకు తీసుకువెళ్ళాల్సి వచ్చింది.

మా నాయిన సముద్రం చూడలేదు. చూడాలని ఉందని ఎన్నడూ అనలేదు. మా గల్లీలో చాలామంది ఆదివారం షట్టర్లు దించేస్తారు. సరిగ్గా అందుకే ఆయన ఆదివారం తెరుస్తాడు. మూసిన దుకాణాల గిరాకీ అంతా ఆ రోజు ఆయనదే. చుట్టాల పెళ్ళి ఆదివారం పడితే ముందు రోజే వెళ్ళి అక్షింతలు వేసి వచ్చేస్తాడు. అలాంటి మనిషికి మా మేనత్త ఫోన్లో నా ఫొటో చూపించింది. నడుము లోతు నీళ్ళలో బోర్డు పట్టుకుని పళ్ళికిలిస్తున్న ఫొటో. ఆ వారం ఇంటికి వెళ్ళేసరికి విచారణ సిద్ధంగా ఉంది.

"దీనికి పైసలు వాళ్ళు నీకిస్తరా, నువ్వు వాళ్ళకిస్తవా?"

"నేనే ఇస్త నాయినా."

"నీళ్ళల్ల పడుడుకు పైసలా?"

"పడుడు కాదు. బోర్డు మీద నిలబడుడు."

"నిలబడ్డవా మరి?"

"నిలబడ్డ." అబద్ధం కాదు. కొన్నిసార్లు నిలబడ్డాను. ఎంతసేపని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

"ఎవడు చూసిండు?"

"మా ఆఫీసోళ్ళు చూసిన్రు."

"ఆఫీసోళ్ళ మాట నాకెందుకు? నా కంటితోని చూడని సామాను నేను దుకాణంల పెట్టను." ఆ మాట అని టీవీ వైపు తిరిగాడు.

నాకు రోషం వచ్చింది. చదువుకున్నాను, ఉద్యోగం చేస్తున్నాను, ఫ్లాట్ కొన్నాను. ఇవన్నీ ఆయన కంటికి అందరి పిల్లలూ చేసేవే. వీటిలో ఒక్కదానికీ ఆయన తలెత్తి చూడలేదు. అల మీద నిలబడటం మాత్రం మా గల్లీలో ఎవరి కూతురూ చేయని పని. అది ఆయన కళ్ళారా చూడాలి. అది చూశాక ఆయన నోటి నుంచి ఏ మాట వస్తుందో నేను వినాలి. నాకు కావలసింది అంతే. దాని కోసం వారాల తరబడి పోరాను. చివరికి ఒక ఆదివారం ఇచ్చాడు. నేను అడిగింది కాదు, తను ఏరుకున్నది. పెత్రమాసకు ముందు వచ్చే ఆదివారం. పెద్దలకు బియ్యం ఇచ్చుకునే ఆ రోజుల్లో కొత్త గిన్నె కొనేవాళ్ళు ఉండరు, ఎలాగూ ఈగలు తోలుకోవడమే.

"ఒక్కటి. ఇగ మళ్ళ అడుగొద్దు," అన్నాడు. "ఆ దినం అల రాకుంటే నీ నసీబు."

సరుకు చూడకుండా ధర ఒప్పుకున్నవాళ్ళను చిన్నప్పటినుంచీ చూసి నవ్వినదాన్ని, నేనూ అలాగే ఒప్పుకున్నాను. తేదీ ముందు ఖాయమైంది. సముద్రాన్ని దానికి సరిపోయేలా చూసుకోవడం మిగిలింది.

ఆ వారం సోమవారం నుంచి ఫోన్ వదలలేదు. అల ఎత్తుకు లోటు లేదు. గాలి దగ్గరే వచ్చింది తంటా. ఒక యాప్ ఆదివారం తొమ్మిది దాకా పడమటి గాలేనంది. ఇంకో యాప్ తెల్లవారకముందే గాలి సముద్రం మీంచి మొదలవుతుందంది. రెండు దుకాణాల్లో రెండు ధరలు చెబితే మూడో దుకాణానికి పోతాం కదా, అలా మూడో యాప్ దించుకున్నాను. అది ఎటూ కాకుండా గాలి ఉండదంది. నేను మొదటి యాప్‌ని నమ్మాను. ఎందుకు నమ్మానో నాకు తెలుసు. చీర మీద మనసు పడ్డ మనిషి మొహం చూస్తే దుకాణదారుడికి ఎలా తెలిసిపోతుందో, బుధవారం నా మొహం చూడగానే విశాఖ ఆయనకు అలా తెలిసిపోయింది.

కర్నూలు అమ్మాయి మూడు లెక్కపెట్టింది. నేను ఐదు వేళ్ళూ ఎత్తాను. ఆయన చిటికెన వేలు ఒక్కటి ఎత్తాడు, అదీ బాత్రూముకు సెలవడిగే పిల్లాడిలా.

"వేలు ఎత్తడం కూడా దండగండీ," అన్నాడు. "గాలి ఆరింటికే తిరిగిపోతుంది. నురుగులో ఈదుకోవాలి. ఆపై వారం బ్రహ్మాండంగా ఉంటుంది, అప్పుడు వెళ్దామండీ."

"తొమ్మిదింటి దాక తిరగదు. మూడు యాప్‌లు చూసిన."

"మూడూ అదే చెప్పాయాండీ?"

నేను ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టాను. ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"మేడమ్ గారూ, మీ నాన్నగారు షట్టరు దించారని సముద్రం షట్టరు ఎత్తదండీ."

బల్ల దగ్గర ఎవరూ నవ్వలేదు. నాయిన వస్తున్నాడన్న సంగతి నేను కర్నూలు అమ్మాయికి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆమె పెరుగన్నం వైపు చూస్తూ కూర్చుంది.

"మా నాయిన మాట మీకెందుకు?" అన్నాను. "మీరు బీచి రోడ్డు మీద పుట్టి, ముప్పై ఏళ్ళు వచ్చినంక హైదరాబాద్ ఆఫీసోళ్ళతోని పోయి బోర్డు పట్టుకున్నరు. అంతదాక సముద్రం పక్కన కూసొని ఏం చేసిన్రు, మొక్కజొన్న కంకులు తిన్నరా?"

ఇది తగిలింది. ఆయన మొహం ఎర్రబడింది. "సరేనండీ," అన్నాడు. "ఆరున్నర."

నేను వెంటనే "ఎనిమిదిన్నర" అన్నాను.

"ఏడు."

"ఎనిమిది."

"ఇంగ చాలు ఆపండక్కా, ఆపన్నా," అంది కర్నూలు అమ్మాయి. "ఏడున్నర ఏసుకుందాం. ఆరుకు దిగితే గంటన్నర దొరుకుతాది. నాకు మీటింగుంది."

ఏడున్నరకు తెగింది. మిగతా ఇద్దరూ తలలూపారు, టిక్కెట్లు కొన్నారు. నేను మంచి బేరం చేసిన తృప్తితో లేచాను. ఆయన ఆరు అన్నదాన్ని గంటన్నర పైకి లాగాను మరి! గాలి తిరిగే వేళను ఇద్దరు మనుషులు ఇలా చెరో అడుగు తగ్గి ఖాయం చేసుకున్నామనీ, ఆ గాలికి మా ఒప్పందం సంగతి ఎవరూ చెప్పలేదనీ ఆ పూట నాకు తట్టనే లేదు. ఆయనకూ తట్టలేదు. దారిలో నాతో, "మీ కోసం గంటన్నర వదులుకున్నానండీ," అన్నాడు, గాలి తన సొంత ఆస్తి అయినట్టు. వద్దన్న మనిషి మానుకోవచ్చు కదా, ఆయనా టిక్కెట్టు కొన్నాడు. నేను పడటం చూడకుండా ఇంట్లో ఎలా ఉంటాడు?

శనివారం సాయంత్రం విమానంలో నాయిన కిటికీ సీటులో కూర్చుని కిందికి చూడలేదు. టీ ధర విని, అమ్మే అమ్మాయి వైపు, తనకంటే గట్టి వ్యాపారిని చూసినట్టు కాసేపు చూశాడు. విశాఖలో దిగాక కూడా సముద్రం చూడటానికి రానన్నాడు. "రేపు చూస్త గద. రెండు సార్లు ఎందుకు?"

ఆదివారం తెల్లారేసరికి రుషికొండ ఇసుకలో ఉన్నాం. వ్యాను దిగి తలుపు మూయకముందే నాకు తెలిసిపోయింది. గాలి నా మొహాన కొట్టింది. వీపున తగలాల్సిన గాలి మొహాన తగిలింది. సముద్రం మీద ఎక్కడ చూసినా తెల్లటి చీలికలు. అలలు పెద్దవే, నేను చెప్పినంతా ఉన్నాయి. కానీ ఒక్కటీ నిలబడటం లేదు. లేచినవి లేచినట్టే కూలి, నురుగు కుప్పలై ఒకదాని మీద ఒకటి పడి ఒడ్డుకు దొర్లుతున్నాయి. ఎత్తు నేను గెలిచాను, గాలి ఆయన గెలిచాడు. రెండూ కలిపితే సర్ఫింగ్ లేదు.

విశాఖ ఆయన నా పక్కకొచ్చి వాచీ చూసుకున్నాడు. "ఏడున్నర కాలేదండీ ఇంకా. గాలికి ఎవరైనా చెప్పండీ."

నేను ఆయన వైపు చూడలేదు. నాయినను చూశాను. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. సముద్రాన్ని మొదటిసారి చూస్తున్న మనిషి కళ్ళు పెద్దవి చేస్తాడని నేను ఎదురుచూశాను. ఆయన కళ్ళు చిన్నవి చేశాడు. కొత్తగా దిగిన సరుకు లారీని అలాగే చూస్తాడు.

"గిదేనా?" అన్నాడు.

"జర గాలి ఎక్కువున్నది నాయినా."

"దుకాణం బంద్ వెట్టి వచ్చిన. దిగు."

బోర్డులు అద్దెకిచ్చేవాళ్ళు నడుము లోతు దాటి పోవద్దని, నురుగు దగ్గరే ఆడుకోమని చెప్పారు. దిగాను. మొదటి అల బోర్డును నా చేతుల్లోంచి లాగి నా నెత్తికే కొట్టింది. రెండోది నన్ను తిరగేసి ముక్కులోకి ఇసుక నింపింది. పొట్ట మీద పడుకుంటే దొర్లించింది, లేవబోతే కాళ్ళు లాగేసింది. గంటకు పైగా పడ్డాను, లేచాను. మిగతావాళ్ళు ఒక్కొక్కరే విసిగి ఒడ్డుకు పోయారు. విశాఖ ఆయన్ని కూడా ఒక అల ముందుకు విసిరి మూతి పగలగొట్టింది. ఆయన పెదవి పట్టుకుని వెళ్ళడం చూసి నాకు కలిగిన ఆనందం ఆ పొద్దుకు అదొక్కటే.

నాయిన మాత్రం కదలలేదు. మొత్తం సేపు నిలబడే ఉన్నాడు. నేను పైకి తేలిన ప్రతిసారీ ఆ మడిచిన ప్యాంటు అక్కడే కనిపించేది.

చివరికి ఒక నురుగు కుప్ప మీద ఒక మోకాలు ఆనించి, ఇంకో పాదం బోర్డు మీద పెట్టి, రెండు చేతులూ గాల్లోకి లేపగలిగాను. అదే ఆ రోజు నేను చేరిన ఎత్తు. దాన్ని నిలబడటం అనాలంటే చాలా ఉదారమైన మనిషి కావాలి. ఆ తర్వాత భుజం చచ్చుబడి, బోర్డు ఈడ్చుకుంటూ బయటికి వచ్చాను.

అప్పటికి విశాఖ ఆయన పెదవికి రుమాలు అద్దుకుంటూ నాయిన పక్కన చేరాడు. మర్యాదగా, నాకు వినపడేట్టు అంటున్నాడు.

"నేను ముందే చెప్పానండీ బాబాయి గారూ, ఈ ఆదివారం వద్దని. పాపం మిమ్మల్ని అనవసరంగా తిప్పారండీ. ఒక్కసారైనా నిలబడలేకపోయారు."

నాయిన ఆయన వైపు తాపీగా తిరిగాడు.

"ఎవలు నిలబడలే?"

"మేడమ్ గారండీ."

"నిలబడ్డది. నేను చూసిన."

"మోకాలి మీదండీ, అది..."

"నువ్వు మూతి కడుక్కుంటున్నవ్ సారూ. నువ్వెట్ల చూస్తవ్? నేను పొద్దుగాలసంది రెప్ప కొట్టకుంట చూస్తున్న. రెండు కాళ్ళ మీద నిలబడ్డది, అంత దూరం వచ్చింది." చెప్పులున్న చేత్తో ఇసుక మీద చాలా దూరం చూపించాడు. నేను ఏనాడూ పోనంత దూరం.

కర్నూలు అమ్మాయి కిసుక్కుమంది. విశాఖ ఆయన నా వైపు చూశాడు, సాక్ష్యం అడుగుతున్నట్టు. నేను జుట్టు పిండుకుంటూ నిలబడ్డాను. ఆయన ఏదో అనబోయి, పెదవి మండి ఊరుకున్నాడు. నలుగురూ ఇడ్లీ బండి వైపు వెళ్ళిపోయారు.

నేనూ నాయినా మంచినీళ్ళ కుళాయి దగ్గరికి వెళ్ళాం. నేను ఉప్పు కడుక్కుంటుంటే ఆయన నా తువ్వాలు పట్టుకుని నిలబడ్డాడు. నేను వినాలనుకున్న మాట ఇప్పుడైనా వస్తుందేమోనని, అవసరం లేకపోయినా ఇంకోసారి మొహం కడుక్కున్నాను.

"నిలబడలే నువ్వు," అన్నాడు.

"తెల్సు."

"మోకాలు వెట్టినవ్."

"మరి ఆయనకు అట్లెందుకు చెప్పినవ్?"

"వాడెవడు మన సామానుకు రేటు కట్టెటందుకు?"

ఆ 'మన' అన్న మాటలో నాకు సందు దొరికిందనిపించింది. వెంటనే బేరానికి దిగాను. "ఇంకొక్క ఆదివారం నాయినా. గాలి మంచిగున్నప్పుడు. వచ్చే ఆదివారం బ్రహ్మాండంగ ఉంటదట."

"ఎవడు చెప్పిండు?"

చెప్పింది విశాఖ ఆయనే, ఆ ఊసెత్తకుండా దాటేశాను. "పొద్దుగాల చూసి మధ్యాన్నం విమానంకే పోదాం. నువ్వు మాపటికి షట్టర్ తెరువొచ్చు, సగం గిరాకీ అన్న దొరుకుతది."

"దసరా ముంగటనా?"

"అయితే దసరా అయినంక."

"పెండ్లిళ్ళు మొదలైతయ్."

"సరే, వచ్చే ఏడు మళ్ళ పెత్రమాసకు. అప్పుడు ఎట్లైన గిరాకీ ఉండదు గద."

ఆయన తువ్వాలు నా భుజం మీద వేశాడు. దుకాణంలో ఒక రకం మనుషులు వస్తారు. ధర నచ్చలేదని గల్లీ చివరిదాకా వెళ్ళి, ఎక్కడా దొరక్క మళ్ళీ మా మెట్లెక్కుతారు. వాళ్ళకు ఆయన ఒక్క రూపాయి తగ్గించడు. గొంతు పెంచడు, కారణం చెప్పడు, మొదటి అంకెనే మళ్ళీ చెబుతాడు. ఆ గొంతు ముందు నెగ్గినవాళ్ళను నేను చూడలేదు.

"ఒక్కటని చెప్పిన," అన్నాడు. "అయిపోయింది."

నేను కుళాయి కట్టేశాను.